సున్నా పిన్ని, రెండో కొస

మా బళ్ళో సైన్సు ల్యాబ్ అటెండర్‌ని పిల్లలూ మేష్టర్లూ అందరూ సున్నా పిన్ని అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని, పాపం ఏమీ రాని మనిషేమో అనుకుంటారు. వారం తిరిగేసరికి ఆ అభిప్రాయం మార్చుకుంటారు, అదీ నలుగురి ముందూ ఆవిడ చేత చివాట్లు తిన్నాక.

త్రాసు ముట్టుకున్నా, థర్మామీటరు తీసినా, ఆఖరికి బల్ల పొడవు కొలవడానికి స్కేలు పెట్టినా పక్కనుంచి ఒకటే ప్రశ్న వస్తుంది. "సున్నా చూశావా?" ఖాళీగా ఉన్నప్పుడు త్రాసు ముల్లు సున్నా దగ్గర నిలబడుతోందా, స్కేలు చివర అరిగిపోయి సున్నా గీత మాయమైందా, అదీ ఆవిడ బెంగ. పదకొండేళ్ళ కిందట, నా ఉద్యోగం మొదటిరోజున, తరగతి ముందు ఠీవిగా ఉప్పు తూస్తుంటే నన్నూ అడిగింది. "సార్, సున్నా చూశారా?" నేను చూడలేదు. పళ్ళెం కింద చాక్‌పీస్ ముక్క ఇరుక్కుని ఉంది. నలభైమంది పిల్లలు నవ్వారు. నెలరోజులు ఆవిడతో ముభావంగా ఉన్నాను. ఆ తర్వాత నాకే సిగ్గేసి మానేశాను.

ఆవిడ పదో తరగతి తప్పింది. లెక్కల్లో సున్నా వచ్చిందని, అందుకే ఆ పేరని ఒక కథ ప్రచారంలో ఉండేది. ఒకసారి ధైర్యం చేసి అడిగాను.

"సున్నా అని ఎవరన్నారు సార్? పదకొండొచ్చాయి. పదకొండు కన్నా సున్నాయే నయం. సున్నా వస్తే ఒంట్లో బాలేక రాయలేదేమో అనుకుంటారు. పదకొండు వస్తే రాసి కూడా ఇంతేనా అంటారు" అంది.

మొదట బళ్ళో గదులు ఊడ్చే పనికి చేరింది. ఆవిడ కడిగిన గాజు గొట్టాల్లో ఒక్కటీ పగలకపోవడం చూసి అప్పటి సైన్సు మేష్టారు ల్యాబ్‌లోకి మార్పించుకున్నారట. ఇరవై నాలుగేళ్ళలో ఆవిడ చేతిలో పగిలినవి మూడే మూడు. ఏ రోజు, ఏ వస్తువు, వెనకనుంచి ఎవరు పిలిస్తే తిరిగి చూసింది, అన్నీ తేదీలతో సహా చెబుతుంది. పిలిచినవాళ్ళను ఇంకా క్షమించలేదు.

ఇంతటి మనిషికి ఒకే ఒక్క బలహీనత ఉంది: కవర్లు. కొత్త వస్తువు ఏదైనా సరే, దుమ్ము పడకుండా దానికి ప్లాస్టిక్ తొడగందే ఆవిడకి నిద్రపట్టదు. ఒకసారి కాలు బెణికి సెలవు పెడితే చూడ్డానికి వాళ్ళింటికి వెళ్ళాను. టీవీ రిమోటుకు కవరు, గోడగడియారానికి కవరు, కూర్చుంటే కీచుమనే సోఫా. ఆవిడ భర్త బస్సుల మెకానిక్కు. టీ గ్లాసు చేతికిస్తూ అన్నాడు:

"మీరు కూర్చుంది సోఫా మీద కాదు సార్, సోఫా కవరు మీద. సోఫాని ఇంతవరకూ నేను కూడా చూళ్ళేదు."

"కొన్నప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది, అది చూడండి" అంది పిన్ని మంచం మీదనుంచి.

"అదే చూద్దామంటే తియ్యనివ్వవుగా! పెళ్ళయిన కొత్తలో నాకూ ఒకటి వేద్దామనుకుంది సార్. ఊపిరాడదని ఊరుకుంది."

నాది సరిగ్గా దీనికి ఎదురు జబ్బు. కొత్త వస్తువు మీద ప్లాస్టిక్ పొర కనిపిస్తే నా చేతులు ఊరుకోవు. గోటితో అంచు లేపి సర్రున లాగితే గాని ఆ వస్తువు నాదైనట్టుండదు. ఈ విషయంలో నాకూ మా ఆవిడకీ పడదు. పిన్ని జబ్బూ నా జబ్బూ ఒకే వస్తువు మీద కలుసుకోవడం వల్ల జరిగిందే నేనిప్పుడు చెప్పబోయేది.

ఆ వస్తువు, ఎండలోని అతినీలలోహిత కిరణాలను కొలిచే సెన్సర్. అగ్గిపెట్టె అంత ఉంటుంది. నెత్తిమీద చిన్న గుండ్రటి కిటికీ, అందులోంచి కిరణాలు పడితే తీగ చివరనున్న డబ్బాలో అంకె కనిపిస్తుంది. నల్లద్దాలు, గుడ్డలు, గాజుపలకలు ఏవి ఎంత కిరణాన్ని ఆపుతాయో పిల్లల చేత కొలిపించాలని ఏడాదిపాటు అర్జీలు పెట్టి తెప్పించాను. అది వచ్చిన ఆదివారం సాయంత్రం, సెలవైనా బడికొచ్చి పెట్టె విప్పింది పిన్నే. నేను ఊళ్ళో లేను.

సోమవారం మధ్యాహ్నం డాబా మీద దాన్ని క్యాలిబ్రేట్ చేశాం. పిన్ని ఆ మాట వాడదు. "సరిచూసుకోవడం అంటే సరిపోయేదానికి నోటినిండా అంత మాట దేనికి సార్" అంటుంది. పని రెండు మెట్లు. మొదట కిటికీకి నల్లమూత పెట్టి, ఏ కిరణమూ పడనప్పుడు డబ్బాలో సున్నా వచ్చేలా చూడాలి. తర్వాత నమ్మకమైన మరో మీటరును పక్కన పెట్టి, ఎండలో అది ఎంత చూపిస్తే మనదీ అంతే చూపించేలా డబ్బాలోని గుణకాన్ని, అంటే అంకెను ఎంతతో హెచ్చవేయాలో దాన్ని, బొత్తాంతో మార్చాలి. నమ్మకమైన మీటరు కాలేజీలో ఉంది. అక్కడి ల్యాబాయన ఒక్కరోజుకు అరువిచ్చాడు.

సున్నా దగ్గర పిన్ని ఐదుసార్లు మూత పెట్టి తీసింది. ఐదుసార్లూ సున్నాయే. అప్పుడు గాని రెండో మెట్టుకు ఒప్పుకోలేదు. రెండు సెన్సర్లనూ సమంగా పరిచి, మబ్బు వస్తే ఆగి, నా నీడ పడితే నన్ను తిట్టి, పొద్దు నడినెత్తిన ఉండగా రెండు అంకెలూ కలిపాం. సాయంత్రానికి కాలేజీ మీటరు కాలేజీకి వెళ్ళిపోయింది.

నాకు తెలియనిది ఒకటుంది. ముందురోజు పెట్టె విప్పగానే పిన్ని ఆ కిటికీకి కవరు వేసేసింది. పిల్లల నోటుపుస్తకాలకు వేసే పారదర్శకం ప్లాస్టిక్ చుట్ట ఉంటుందే, అందులోంచి బొత్తాం అంత బిళ్ళ కత్తిరించి, అంచుకు జిగురు రాసి, పనివాడు వేసినట్టు అంటించింది. నాకు చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని ఆవిడకి తోచలేదు. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కున్నానని ఎవరైనా ఊరంతా చెబుతారా?

బుధవారం ఒక్కణ్ణీ ల్యాబ్‌లో కూర్చుని ఉండగా ఆ బిళ్ళ అంచు కాస్త లేచి కనిపించింది. కంపెనీవాళ్ళు వేసింది కాబోలు అనుకుని, తీరిగ్గా, తృప్తిగా, ఒక్క లాగుడులో పీకేశాను. ఉండచేసి బుట్టలో వేశాను. ఆ సంగతి నేనూ ఎవరికీ చెప్పలేదు.

తర్వాత మూడు వారాలు ప్రయోగాలు జోరుగా సాగాయి. పిల్లలు ఎండలోకి పరుగెత్తి, ముందు ఏ అడ్డమూ లేకుండా ఒక అంకె, అడ్డం పెట్టి ఒక అంకె అరిచేవాళ్ళు. నూటికి ఎంత దాటిందో లెక్క కట్టాలి. డ్రిల్లు మేష్టారు రోడ్డుపక్కన కొన్న నల్లద్దాలు దాదాపు మొత్తం ఆపేశాయి. పెద్ద మేడమ్ బంగారు అంచు అద్దాలు నూటికి అరవై వదిలేశాయి. ఆ అంకె పట్టికలో రాయాలా వద్దా అని తరగతి తరగతంతా నా మొహం చూసింది. రాయమన్నాను. అప్పటినుంచి మేడమ్‌కి మా సెన్సరంటే గుర్రు.

పట్టిక రాసే పిల్ల మాత్రం ఎండలోకి వచ్చేది కాదు. వరండా లోపలి గోడకు ఆనుకుని కూర్చుని, బయటివాళ్ళు అరిచిన అంకెలు రాసుకునేది. ఎనిమిదో తరగతి. ఆ ఏడాదే చేరింది. పిల్లలు ఆమెను గొడుగు అనేవాళ్ళు. మబ్బు పట్టినరోజు కూడా నల్ల గొడుగు, నిండు చేతుల చొక్కా, చేతులకు తొడుగులు. సరదాకి కాదు. ఎండ తగిలితే ఆ పిల్ల ఒళ్ళు కాలినట్టు బొబ్బలెక్కుతుంది, జ్వరం వస్తుంది, వారాలు పడుతుంది తగ్గడానికి. పేరు పెట్టిన నాలుగోరోజుకి తనే బల్లమీద 'గొడుగు' అని రాసేసుకుంది. ఇంక ఏడిపించడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు.

"పోయినేడాదంతా ఇంట్లోనే చదివాను సార్. నేనూ, ఫ్యానూ. ఫ్యానుకి లెక్కలు రావు" అని ఒకసారి నాతో అంది. నవ్వుతూనే అంది గాని నాకు నవ్వు రాలేదు.

మా బళ్ళో సెన్సర్ ఉందని తెలిసి వాళ్ళ డాక్టరు ఒక చీటీ రాసిచ్చారు. ఈ పిల్ల రోజంతా కూర్చునే చోట ఆ మీటరు మీద పది దాటకూడదు, దాటితే బడి మాన్పించండి, అని. వాళ్ళమ్మ ఆ చీటీ తెచ్చి పెద్ద మేడమ్‌కి ఇచ్చింది. మూడో వారం గురువారం మేడమ్ ముందే కొలిచాను. పిన్ని సున్నా చూసింది. గొడుగు బెంచీ మీద ఇరవై ఆరు వచ్చింది.

అప్పటికప్పుడు తెరలు కట్టాం. పదహారుకు దిగింది. అక్కడే ఆగింది. అంతకన్నా మూస్తే మిగతా పిల్లలకు గాలాడదు, బోర్డు కనపడదు. బడి మొత్తం వెతికాం. పది కన్నా తక్కువ వచ్చింది ఒక్క సామాన్ల గదిలో.

"విరిగిన బెంచీల మధ్య కూర్చోబెట్టి చదివిస్తామా? ఇంటి దగ్గరే చదువుకోనివ్వండి. రేపేదైనా అయితే ఎవరు జవాబు చెబుతారు? సోమవారం వచ్చి కాగితాలు తీసుకెళ్ళండమ్మా" అన్నారు మేడమ్ వాళ్ళమ్మతో. కసిగా అనలేదు. ఆవిడ స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి. వాళ్ళమ్మ సరేనండి అంది. మూడు బళ్ళు తిరిగిన మనిషి, ఇంక వాదించే ఓపిక లేదు.

శుక్రవారం సాయంత్రం గొడుగు ల్యాబ్ నోటుపుస్తకం తిరిగివ్వడానికి వచ్చింది. పిన్ని నేర్పినట్టే దానికి నీటుగా ప్లాస్టిక్ అట్ట వేసి ఉంది.

"పిన్నీ, పట్టికలన్నీ పూర్తి చేశాను. నా తర్వాత రాసేవాళ్ళకి మూడో పేజీ నుంచి చూసుకోమనండి."

"అలాగేలే తల్లీ" అంది పిన్ని. పిల్ల వెళ్ళేదాకా గాజు గొట్టాలు తుడుస్తూనే ఉంది. అవి అప్పటికే తుడిచినవి.

తర్వాత పుస్తకం తెరిచింది. నేను పక్క బల్ల దగ్గర పేపర్లు దిద్దుకుంటున్నాను. కాసేపటికి తలెత్తి చూస్తే పిన్ని మూడో పేజీలో ఒక వరుస మీద వేలు పెట్టి ఉంది. 'నోటుపుస్తకం అట్ట ప్లాస్టిక్: నూటికి నలభై ఐదు దాటును.'

"సార్, చూడ్డానికి నీళ్ళలా ఉండే ప్లాస్టిక్కు... సగానికి పైగా తినేస్తుందా?"

"ఆ, కంటికి కనిపించే వెలుగుని వదులుతుంది, ఈ కిరణాన్ని మింగుతుంది. ఏం?"

ఆవిడ లేచి వెళ్ళి సెన్సర్ పెట్టె తెచ్చింది. కళ్ళజోడు సవరించుకుని ఆ గుండ్రటి కిటికీని చూసింది. వేలితో తడిమింది.

"దీని మీద నేను వేసిన కవరేది సార్?"

నాకు మొదట నవ్వొచ్చింది. దీన్నీ వదల్లేదా అని. ఆ నవ్వు సగంలో ఉండగానే విషయం బోధపడింది. కవరు ఉండగా అంకెలు కలిపాం. అంటే సెన్సర్‌కు అందింది సగం కన్నా తక్కువ, దాన్ని పూర్తి అంకెకు సాగదీసేలా గుణకం పెట్టాం. కవరు పోయింది, సాగదీత మిగిలింది. నేను పీకిన రోజునుంచి మా సెన్సర్ ఉన్నదానికి రెట్టింపు పైగా చెబుతోంది. పిల్లల ప్రయోగాల్లో నూటికి ఎంత అన్నదే లెక్క కాబట్టి రెండు అంకెలూ ఒకేలా ఉబ్బి తప్పు బయటపడలేదు. సున్నా ఎప్పుడు చూసినా సున్నాయే. సున్నాను ఎంతతో హెచ్చవేస్తే మాత్రం ఏమవుతుంది?

పిన్ని చిత్తుకాగితం వెనక లెక్క వేస్తోంది. పదహారుకి, నూటికి నలభై ఐదు చొప్పున. రెండుసార్లు వేసింది. ఏడు, ఆపైన కాస్త.

"ఏడు సార్. పది లోపే. నా కవరు ఆ పిల్లని ఇంటికి పంపించేస్తోంది." చిత్తుకాగితం మడిచి చేతిలో పెట్టుకుంది. "స్కేలుకి రెండు కొసలుంటాయి కదా. ఇరవై నాలుగేళ్ళు ఒక్క కొసే చూసుకుంటూ కూర్చున్నాను."

వెంటనే మేడమ్ గదికి వెళ్ళాం. పిన్ని దాపరికం లేకుండా చెప్పింది. తప్పు నాదండి, చెప్పకుండా కవరు వేశాను, అది ఎప్పుడో ఊడిపోయింది, అని. పీకింది నేనని చెప్పడానికి అదే సమయం. నీళ్ళు నమిలాను. ఆ సాయంత్రం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మేడమ్ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు.

"ఏమ్మా, కవరు వేస్తే తగ్గుతుంది, తీస్తే పెరుగుతుంది. కావలసిన అంకె వచ్చేదాకా కవర్లు వేస్తూ పోతావా? పిల్ల మీద జాలి ఉంటే ఉండొచ్చు. జాలికి మీటరు వంగకూడదు."

పిన్ని నొచ్చుకుంటుందనుకున్నాను. తల ఊపింది. "నిజమేనండి. నేనైనా నమ్మను" అంది.

శనివారం పిన్ని సెలవు పెట్టింది. రెండు బస్సులు మారి కాలేజీకి వెళ్ళింది. నేను వస్తానంటే వద్దంది. ఆ ల్యాబాయన తర్వాత నాకు చెప్పాడు: "పరికరం అరువడగడానికి వచ్చేవాళ్ళు అందరూ మా మీటర్లో ఏదో లోపం ఉందండీ అని మొదలెడతారు. ఈవిడ రాగానే, తప్పు నేను చేశాను, దిద్దుకోవడానికి మీ మీటరు కావాలి, అంది. కాదనడానికి నాకు నోరు రాలేదు." మీటరును తనే సోమవారం మధ్యాహ్నం తెస్తానన్నాడు.

సోమవారం గొడుగూ వాళ్ళమ్మా కాగితాల కోసం వచ్చి వరండాలో కూర్చున్నారు. పిన్ని వాళ్ళ ముందు నిలబడింది.

"నిన్ను వెళ్ళమంది ఎండ కాదమ్మా, నేను వేసిన కవరు. ఒక్క కొస చూసి సరిపోయిందనుకున్నాను. రెండో కొస చూళ్ళేదు. గంట ఆగు. ఆ గంట తర్వాత కూడా పది దాటితే నేనే నీ సంచి మోసుకొచ్చి దిగబెడతాను."

వాళ్ళమ్మ కాగితాల కోసం తెచ్చిన కవరును ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది.

డాబా మీదకు మేడమ్ కూడా వచ్చారు. బంగారు అంచు అద్దాలతో కాదు, డ్రిల్లు మేష్టారి దగ్గర అడిగి తీసుకున్న రోడ్డుపక్క అద్దాలతో. మా సెన్సర్‌ని నమ్మరని ఎవరన్నారో! నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

నల్లమూత పెట్టాం. రెండూ సున్నా. మూత తీశాం. కాలేజీ మీటరు తొంభై. మాది రెండొందలు. పిన్ని శుక్రవారం లెక్క వేసిన చిత్తుకాగితం తీసి మేడమ్ చేతిలో పెట్టింది. రెండొందలకు నూటికి నలభై ఐదు చొప్పున ఎంతో మేడమ్ నోటితోనే వేసుకున్నారు. పొల్లుపోకుండా తొంభై.

"ఇంత సన్నపొర ఊడిపోయిందని మనకెలా తెలుస్తుంది?" అన్నారు మెల్లగా, ఎవరినీ నిందించకుండా. అప్పుడు నాకు నోరొచ్చింది.

"ఊడలేదండి. నేను పీకాను. పిన్నికి చెప్పలేదు."

పిన్ని నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. "నీటుగా పీకారా, జిగురు మిగిల్చారా?" అంది.

"నీటుగానే."

"అదొక్కటే నయం" అని గుణకం మార్చే పనిలో పడింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఆవిడ పిడికిలి ముందే తెరిచింది, నేను మూడురోజులు ఆలస్యంగా తెరిచాను.

కొత్త గుణకంతో ఎండలో ఐదుసార్లు, డాబా మెట్ల నీడలో ఐదుసార్లు రెండు మీటర్లనూ కలిపి చూశాం. తర్వాత అందరం ఎనిమిదో తరగతి గదికి దిగాం. తెరలు అలాగే ఉన్నాయి. పిల్లలు కిక్కురుమనకుండా కూర్చున్నారు. మధ్య వరుసలో, గొడుగు కూర్చునే చోట, పక్క పిల్ల తన సంచి అడ్డంపెట్టి ఇంకెవరినీ కూర్చోనివ్వలేదు.

పిన్ని సెన్సర్‌ను బెంచీ మీద పెట్టింది. డబ్బా వైపు చూడలేక మొహం తిప్పుకుంది. "నువ్వే చదువు తల్లీ. ఇన్నాళ్ళూ ఒకరు అరిస్తే రాశావు. ఇవాళ నువ్వే అరిచి చెప్పు" అంది.

గొడుగు చేతి తొడుగులు విప్పింది. నల్లమూత పెట్టి చూసింది. తీసింది. కాలేజీ మీటరునూ పక్కకు జరిపి రెండు అంకెలనూ మార్చి మార్చి చూసింది.

"ఏడు! రెంటి మీదా ఏడే!"

మేడమ్ డాక్టరు చీటీ మరోసారి విప్పి చదువుకున్నారు. మడిచారు. "ఈ బెంచీ దగ్గర రోజూ కొలిచి నాకు రాసివ్వాలి" అన్నారు పిన్నితో. వాళ్ళమ్మ గుమ్మం దగ్గర నిలబడే ఏడ్చేసింది. నాకూ కళ్ళు చెమర్చాయి. దాచుకోలేదు, దాచుకునేంత పరువు ఆపూట నాకు మిగల్లేదు.

పిన్ని మాత్రం ఇంకా గోడ వైపే తిరిగి ఉంది. అలవాటైన ఆ గొంతుతో అడిగింది:

"సున్నా చూశావా?"

"చూశాను పిన్నీ. రెండో కొసా చూశాను."

పక్క పిల్ల బెంచీ మీది సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.